కదలని ఏంటెన్నా, కదలెడి కిరణము

సముద్రతీరమునందలి దీపస్తంభమును చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. దీపము నలుదిక్కులకు కనబడవలెనన్నచో దాని అద్దములను యంత్రముతో త్రిప్పవలెను. కాంతి తనంతట తాను మలుపు తిరుగదు; దానిని పంపు సాధనమే తిరుగవలెను. రేడియో తరంగములును కాంతిజాతివే గనుక వానికిని ఇదియే నియమమని ఎవరికైనను తోచును. కాని ఏంటెన్నా కదలకయే కిరణమును కోరిన దిక్కునకు మరల్చు విద్య యొకటి ఇరువదవ శతాబ్దమున పుట్టి పెరిగినది. ఆ విద్య చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

ఆ చరిత్రలో మనము ముఖ్యముగా విచారింపవలసిన చిక్కు ఒక్కటి కలదు. ఇట్టి ఏంటెన్నా నుండి కిరణము ఎదుటికి చక్కగా పోవును. ప్రక్కకు ఒరగినకొలది చిక్కిపోవును. ఒక్కొక్క కోణమున బొత్తిగా ఆరిపోవుటయు కలదు. ఎదుట నున్నవానికి అందినంత వార్త అంచున నున్నవానికిని అందవలెనన్న ఏమి చేయవలెను? అర్ధశతాబ్దికి మించి శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది. మొదట ఇది సేనాపతుల ప్రశ్నయై యుండెను. మిల్లీమీటరు తరంగములు వార్తావాహకములైన పిమ్మట, చేతిలో టెలిఫోను గల సామాన్యుని ప్రశ్న యైనది.

మిల్లీమీటరు తరంగముల కథకు తొలి ఘట్టము మన దేశముననే జరిగినది. హైన్రిఖ్ హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1887-88 సంవత్సరములలో విద్యుత్తరంగములు కలవని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. అతడు పుట్టించిన తరంగములలో పొట్టివి సైతము అఱువది సెంటీమీటర్లకు పైబడిన పొడవు గలవి. అట్టి తరంగములతో కాంతిశాస్త్ర పరీక్షలు చేయవలెనన్నచో, అద్దములును పట్టకములును నిలువెత్తు పరిమాణము గలవి కావలెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడైన జగదీశచంద్ర బోసు ఈ చిక్కును మఱియొక వైపునుండి ఆలోచించెను. సాధనములను పెంచుట కంటె తరంగమునే కుదించుట మేలని తలచి, 1894 మొదలుకొని కృషిచేసి, రెండున్నర సెంటీమీటర్ల నుండి అయిదు మిల్లీమీటర్ల వరకు పొడవు గల తరంగములను పుట్టించెను.

అతని పరికరములు బల్లమీద అమరునంతటివి. తరంగములను పట్టుటకు గరాటువంటి లోహపు కొమ్ము. వానిని వంచుటకు పట్టకము. కంపనతలమును పరీక్షించుటకు రైల్వే టైంటేబిలు పుస్తకపు పుటల నడుమ పెట్టిన తగరపు రేకులు. ఆ తలమును మెలిత్రిప్పుటకు మెలివేసిన జనుపనార. 1895లో కలకత్తా టౌన్‌హాలులో అతడు గోడలకు అవతలనున్న గంటను తరంగముతో మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. 1897 జనవరిలో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ విషయమును గూర్చి ఉపన్యసించెను. గెలీనా అను సీసపు ఖనిజముతో తరంగములను గుర్తించు సాధనమునకు 1904లో అమెరికాలో పేటెంటు లభించెను.

ఇంత ముందుగా తలుపు తెఱచినను లోకము ఆ తలుపున ప్రవేశింపలేదు. దానికి కారణము స్పష్టమే. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కొనీ అట్లాంటిక్ మహాసముద్రమును దాటించినవి దీర్ఘతరంగములు. అవి భూమి వంపును అనుసరించి దూరదేశములకు పోగలవు. వానిని పెద్దశక్తితో పుట్టించుటయు సులభము. మిల్లీమీటరు తరంగమో, కంటిచూపువలె తిన్నగా పోవునది. గోడకును చెట్టునకును బలహీనపడునది. నాటి యంత్రములతో బలముగా పుట్టింప వీలులేనిది. వర్తకమును నౌకాయానమును దీర్ఘతరంగములను కోరెను. బోసు తన దృష్టిని వృక్షముల జీవలక్షణములపైకి మరల్చెను. చిన్న తరంగములు చిరకాలము ప్రయోగశాలలలోనే నిలిచిపోయెను.

కిరణమును మరల్చు విద్య ఈ నడుమకాలమున దీర్ఘతరంగముల యొద్దనే జన్మించినది. 1905లో స్ట్రాస్‌బర్గు నగరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను ఆచార్యుడు ఒక సమత్రిభుజపు మూడు కొనలయందు మూడు ఏంటెన్నాలను నిలిపెను. మూడింటికిని ఒకే కంపనమును అందించుచు, ఒకదానికి మాత్రము కొంచెము కాలభేదమును కల్పించెను. తరంగములు ఒక దిక్కున ఒకదానికొకటి తోడై బలపడెను. వేఱొక దిక్కున ఒకదానినొకటి చంపుకొనెను. మీట మార్చి ఏంటెన్నాల పాత్రలను తారుమారు చేసినంతనే ప్రసారదిశ మాఱెను. స్తంభములు నేలలో పాతినవి పాతినట్లే యుండెను. 1909లో ఇతనికి మార్కొనీతో కలిపి నోబెలు బహుమానము నిచ్చిరి.

ఇందలి మర్మము సామాన్యులకు సులభముగనే బోధపడును. చెఱువుగట్టున పదిమంది సమదూరమున వరుసగా నిలిచిరనుకొనుడు. అందఱు ఒక్కమాఱుగా నీటిలో రాళ్లు వేసినచో, రాతి రాతి నుండి ఒక్కొక్క వలయము బయలుదేరి, అవి కలిసి గట్టునకు సమాంతరమైన అల యగును. అది తిన్నగా ఎదుటి గట్టునకు పోవును. అట్లుగాక, మొదటివాడు వేసిన రెప్పపాటుకు రెండవవాడు, మఱియొక రెప్పపాటుకు మూడవవాడు, ఈ క్రమమున వేసినచో, ముందు పుట్టిన వలయములు పెద్దవియు వెనుక పుట్టినవి చిన్నవియు అగును. వానినన్నిటిని స్పృశించు రేఖ ఏటవాలగును. అల ఆలస్యముగా వేసినవారి వైపునకు మరలును. మనుష్యులు కదలలేదు, వారి కాలక్రమము మాత్రమే మాఱినది. రేడియో తరంగములలో ఈ రెప్పపాటు ఒక కంపనములో కొన్ని పాళ్లు మాత్రమే. దానినే దశాభేద మందురు. ఇట్లు దశలను మార్చి కిరణమును నడపు ఏంటెన్నాల సముదాయమును దశాశ్రేణి యని పిలుతము.

1937లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్రీస్, ఫెల్డ్‌మన్ అనువారు ఈ తత్త్వమును ప్రయోగపూర్వకముగా ఆచరణలో చూపిరి. సముద్రము దాటివచ్చు హ్రస్వతరంగములు ఆకాశమునందలి అయనమండలమును తాకి, గంట గంటకు మాఱు కోణములలో దిగివచ్చును. వారు వజ్రాకారపు ఏంటెన్నాలు ఆఱింటిని ముప్పాతిక మైలు పొడవున వరుసగా నిలిపి, వాని దశలను త్రిప్పుచు, తరంగము ఏ ఎత్తునుండి వచ్చినను దానినే యేరి పట్టుకొనిరి. ముప్పాతిక మైలు పొడవు గల చెవిని కదల్పక యే వైపు వినవలెనో ఆ వైపు వినిరన్నమాట.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యను త్వరపెట్టినది. జర్మనులు "మమ్మూత్" అను పేర సుమారు 30 మీటర్ల వెడల్పు గల కదలని రేడారు గోడలను కట్టి, కిరణమును మాత్రము దశలచేత త్రిప్పిరి. అమెరికాలో లూయీ ఆల్వరెజ్ రూపొందించిన "ఈగిల్" రేడారు మూడు సెంటీమీటర్ల తరంగముతో పనిచేసెను. విమానము క్రింద చిన్న రెక్కవలె అమర్చిన 16 అడుగుల పలకలో 250 చిన్న ఏంటెన్నాలు వరుసగా నుండెను. వానికి శక్తిని చేర్చు తరంగనాళపు వెడల్పును యంత్రముతో కొలదిగా పెంచి తగ్గించుటచేత దశలు మాఱి, కిరణము ఎడమకు 30 డిగ్రీలు, కుడికి 30 డిగ్రీలు ఊగెను. 1945లో జపానుపై బాంబులు వేసిన విమానములలో కొన్నింటికి చీకటిలోను మబ్బులోను గుఱి చూపినది ఈ సాధనమే. ఈ విద్య పెరిగినది ఏ అవసరమునకో చరిత్ర చెప్పునపుడు దాపఱికము పనికిరాదు.

యుద్ధానంతరము అగ్రరాజ్యముల పరస్పరభయము దశాశ్రేణులను మఱింత పెంచినది. శత్రువుల క్షిపణులు అనేక దిక్కులనుండి ఏకకాలమున రావచ్చును. బరువైన ఏంటెన్నాను అంత వేగముగా త్రిప్పు యంత్రము లేదు. 1960లో బెండిక్సు సంస్థవారు గణనయంత్రముతో దశలను నడపు పెద్ద శ్రేణిని నిర్మించి చూపిరి. ఫ్లోరిడాలో కట్టుచుండిన మఱియొక మహాశ్రేణి 1965లో అగ్నికి ఆహుతి కాగా, దానిని మరల కట్టిరి. 1980 ప్రాంతమున అమెరికా తీరములయందు వెలసిన "పేవ్ పాస్" రేడారులలో ఒక్కొక్క ముఖమునకు 1792 క్రియాశీల ఏంటెన్నాలు కలవు. ఒక్కొక్క ముఖము 120 డిగ్రీల మేర చూచును. యుద్ధనౌకలపై అమర్చిన "ఏజిస్" రేడారులో నాలుగు ముఖములు నాలుగు దిక్కులను పంచుకొనును.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టవలెను. దశలను మార్చినంతనే కిరణము తిరుగునన్నచో, ఒక్క పలకయే ఈ చివరనుండి ఆ చివర వరకు 180 డిగ్రీలును ఏల చూడరాదు? కోట్లు వెచ్చించి రెండేసి, నాలుగేసి ముఖములు ఏల కట్టవలసివచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానమే మన చరిత్రలోని గర్భగృహము. కిరణము ప్రక్కకు ఒరగునపుడు దానిని మూడు దోషములు పట్టుకొనును.

మొదటిది జ్యామితి దోషము. వీధితలుపును ఎదుట నిలిచి చూచినచో దాని పూర్తి వెడల్పు కనబడును; ప్రక్కనుండి చూచినచో సన్ననై కనబడును. ఏంటెన్నా పలకయు అంతే. 60 డిగ్రీల ప్రక్కనుండి చూచువానికి దాని వెడల్పు సగమే. కావున అచ్చట బలము సగమగును. కిరణపు వెడల్పు రెండింతలగును. ఇది ప్రకృతి విధించిన పన్ను. చదునైన పలకకు దీనిని తప్పించుకొను దారి లేదు. ఇతర నష్టములు చేరినపుడు, మంచి పలకలందును 60 డిగ్రీల యొద్ద మిగులునది ఒక్కొక్కప్పుడు మూడవ వంతునకు దిగును.

రెండవది దొంగకిరణము. ఏంటెన్నాల నడుమ ఎడము హెచ్చైనచో, మనము కోరిన దిక్కునందే గాక మఱియొక దిక్కునను తరంగములు తోడై, అంతే బలము గల రెండవ కిరణము బయలుదేరును. శక్తి చీలిపోవును, రేడారైనచో శత్రువు ఏ వైపున నున్నాడో తెలియదు. దీనికి లెక్క కలదు. కిరణమును ఇరువైపుల 30 డిగ్రీలు మాత్రమే త్రిప్పవలెనన్నచో ఎడము తరంగదైర్ఘ్యములో మూడింట రెండుపాళ్లు ఉండవచ్చును. 60 డిగ్రీలు త్రిప్పవలెనన్నచో సగమును కొంచెము మాత్రమే మించవచ్చును. అంచు వరకు త్రిప్పవలెనన్నచో సరిగా సగమునకు మించరాదు. చూపు విశాలమైనకొలది ఏంటెన్నాలను దగ్గఱగా నాటవలెను. అనగా వాని సంఖ్య పెరుగును, వ్యయము పెరుగును.

ఈ లెక్కకు ఉదాహరణము మన తెలుగునేలపైననే కలదు. తిరుపతి సమీపమున గాదంకియందు 1990వ దశకపు తొలి సంవత్సరములలో నెలకొల్పిన వాతావరణ రేడారు ఒక మహాదశాశ్రేణి. 130 మీటర్ల చదరపు పొలములో వరుసకు 32 చొప్పున 32 వరుసలు, వెరసి 1024 స్థానములలో ఏంటెన్నాలను నాటిరి. అది 53 మెగాహెర్ట్జుల తరంగముతో, అనగా సుమారు 5.7 మీటర్ల పొడవు గల అలతో, తలపైనున్న వాయుమండలపు చలనములను పరీక్షించును. దాని ఏంటెన్నాల ఎడము తరంగదైర్ఘ్యములో సుమారు పదింట ఏడు పాళ్లు. ఆ యెడముతో దొంగకిరణము లేక త్రిప్పగలిగినది 24 డిగ్రీల లోపలనే. దాని కిరణము నడినెత్తినుండి 20 డిగ్రీల వరకు ఒరగును. ఆకాశమును నిలువుగా చూడవలసిన సాధనమునకు అంత చాలును గనుక దగ్గఱగా నాటు వ్యయమును మానుకొనిరి. ఎంత ప్రక్కకు చూడవలెనో ముందు తేల్చుకొని ఏంటెన్నాలను నాటుట ఈ విద్యలో వివేకము.

మూడవ దోషము అన్నిటికంటె లోతైనది. ఏంటెన్నాలను దగ్గఱగా నాటినచో దొంగకిరణము పోవును గాని, ఇరుగుపొరుగుల పోరు మొదలగును. ఒక ఏంటెన్నా విడిచిన శక్తిలో కొంత ప్రక్కదానిలోనికి దూరి, వచ్చిన తీగవెంబడి వెనుకకు మరలును. ఈ వెనుకకు మరలు శక్తి కిరణపు కోణముతో మాఱుచుండును. ఎదుటికి చూచునపుడు చక్కగా సరిపోయిన అమరిక ప్రక్కకు చూచునపుడు సరిపోదు. ఒంటరిగా పరీక్షించినపుడు ఏ దోషమును కనబడని ఏంటెన్నా, గుంపులో చేరినంతనే వేఱు స్వభావమును చూపును.

1960వ దశకమున దీని పరాకాష్ఠ బయటపడినది. కొన్ని శ్రేణులు ఒకానొక కోణమునకు త్రిప్పినపుడు ఏమియు ప్రసరింపవని తేలెను. పంపిన శక్తి యంతయు వెనుకకే వచ్చుచుండెను. దొంగకిరణపు హద్దు ఇంకను దూరముననే యున్నది, లెక్క ప్రకారము అచ్చట కిరణము వెలుగవలెను, వెలుగదు. దీనిని అంధకోణ మందము. 1968లో నిట్టెల్, హెసెల్, ఓలినర్ అను మువ్వురు దీనికి భౌతికకారణమును స్పష్టముగా నిరూపించిరి. శ్రేణి ముఖమును అంటిపెట్టుకొని, బయటికి పోక, పలక వెంబడి ప్రాకు తరంగ మొకటి యుండగలదు. ఏంటెన్నాల దశాక్రమము ఒక కోణమున ఆ ప్రాకుడు తరంగపు క్రమముతో సరిగా కలిసినచో, శక్తి యంతయు దానికే దాసోహమనును. ఆకాశమునకు ఏమియు మిగులదు.

1984లో పోజార్, షౌబర్ట్ అనువారు అచ్చుపలకలపై ముద్రించిన ఏంటెన్నాలలో ఇదే దోషమును విశదీకరించిరి. అచ్చట పలక పదార్థమే ప్రాకుడు తరంగమునకు బాట. ఒక లెక్క చూతము. ఏంటెన్నాల ఎడము సరిగా తరంగదైర్ఘ్యములో సగమనియు, ప్రాకుడు తరంగపు వేగము కాంతివేగములో పదకొండింట పదిపాళ్లనియు అనుకొన్నచో, అంధకోణము సుమారు 64 డిగ్రీల యొద్ద వచ్చును. పలక మందమైనకొలది ప్రాకుడు తరంగము మందగించి, ఆ చీకటి ఎదుటివైపునకు జరిగివచ్చును. 60 డిగ్రీల వరకు చూపు కావలసినవానికి ఇది గడపలో పామువంటిది.

రోగనిదానము జరుగుచుండగనే చికిత్సయు ఆరంభమైనది. హెరాల్డ్ వీలర్ అను ఇంజనీరు 1965లో ఒక ఆదర్శరూపమును లోకమునకు చూపెను. ఏంటెన్నాలను విడివిడి వ్యక్తులుగా గాక, ఎడతెగక పఱచుకొన్న విద్యుత్ప్రవాహపు దుప్పటిగా భావింపుమని అతని బోధ. 1966లో మాగిల్‌తో కలిసి అతడొక సులభోపాయమును ప్రకటించెను. శ్రేణి ముఖమునకు ఎదుట కొలది దూరమున, విద్యుత్తును ప్రవహింపనీయని పదార్థపు పలుచని తెఱను నిలుపవలెను. ఆ తెఱనుండి మరలు తరంగము కోణముతో మాఱును. శ్రేణినుండి మరలునదియు కోణముతో మాఱును. ఒకదానిని ఒకటి రద్దుచేయునట్లు మందమును దూరమును ఎన్నుకొన్నచో, విశాలకోణములందును శక్తి వెనుకకు రాక బయటికి పోవును. లోపలి యంత్రమును ముట్టకయే, ముంగిట తెఱ కట్టి చూపును బాగుచేసిన ఈ పద్ధతి ఇప్పటికిని ఉపయోగములో నున్నది.

వీలర్ చెప్పిన దుప్పటి ఊహను పిమ్మట బెన్ మంక్ అను ఆచార్యుడు మఱియొక మెట్టు పైకి తెచ్చెను. ఇరుగుపొరుగుల పోరును తగ్గింపజూచుట అందఱి మార్గము. మంక్ ఆ పోరునే పొత్తుగా మార్చెను. ఏంటెన్నాల కొనలను కావలెననియే దగ్గఱచేర్చి, ఒకదాని ప్రవాహము మఱియొకదానిలోనికి ధారాళముగా సాగునట్లు చేసినచో, విస్తారమైన పౌనఃపున్యములకును విశాలకోణములకును శ్రేణి పనిచేయునని అతని మార్గము చూపినది. దోషమనుకొన్నదానినే గుణముగా మలచిన ఘట్టములలో ఇది యొకటి.

ఇంతవరకు చెప్పినది పెద్ద తరంగముల కథ. ఇక బోసు తరంగములు తిరిగి రంగమునకు వచ్చిన విధము చూతము. 20వ శతాబ్దాంతమునకు టెలిఫోను వార్తలతో దిగువ పౌనఃపున్యములు క్రిక్కిఱిసిపోయెను. ఖాళీగా నున్నది మిల్లీమీటరు సీమయే. కాని అచ్చట ఒక ఇబ్బంది. తరంగము పదవ వంతు కుదించినచో, దానికి తగిన ఏంటెన్నా వైశాల్యము నూఱవ వంతగును. అది పట్టగల శక్తియు అంతే. ఈ లోటును పూడ్చుటకు అనేక ఏంటెన్నాలను చేర్చి సన్నని కిరణము చేయవలెను. సన్నని కిరణము మనిషి కదలినప్పుడెల్ల వెంట తిరుగవలెను. కావున మిల్లీమీటరు తరంగమునకు దశాశ్రేణి అలంకారము కాదు, ప్రాణాధారము.

దానిని చౌకచేసినది సిలికాను. 2004లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో హజిమిరి బృందమువారు 24 గిగాహెర్ట్జులకు పనిచేయు ఎనిమిది మార్గముల దశాశ్రేణి గ్రాహకమును ఒక్క సిలికాను తునుకపై నిర్మించిరి. ఒకప్పుడు యుద్ధనౌక మోయవలసిన యంత్రము గోటిపై నిలుచునంతదైనది. 2013లో శామ్‌సంగ్ సంస్థ 64 ఏంటెన్నాలతో 28 గిగాహెర్ట్జుల వద్ద సెకనుకు ఒక గిగాబిట్టుకు పైగా వార్తను పంపి చూపెను. అదే సంవత్సరము రాపపోర్ట్ మొదలగువారు న్యూయార్కు, ఆస్టిన్ నగరముల వీధులలో కొలతలు తీసి, ఈ తరంగములు నగరమున పనికివచ్చునని ప్రకటించిరి. 2016లో అమెరికా ప్రభుత్వము ఈ సీమను ప్రజావార్తలకు తెఱచెను. మన దేశమున 2022లో జరిగిన వేలములో 26 గిగాహెర్ట్జుల పట్టీయు విక్రయింపబడెను.

గాదంకి పొలముతో పోల్చి చూచినచో ఈ మార్పు పరిమాణము తెలియును. 28 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 10.7 మిల్లీమీటర్లు, అందు సగము 5.35 మిల్లీమీటర్లు. ఆ యెడమున 32 వరుసలు నాటినచో 1024 ఏంటెన్నాలు 17 సెంటీమీటర్ల చదరములో, అనగా ఒక పుస్తకపు అట్టంత జాగాలో, ఇమిడిపోవును.

కాని చిన్నతనమునకు చిన్నతనపు కష్టములు కలవు. అయిదు మిల్లీమీటర్ల గడిలోనే ఏంటెన్నాయు, దశను మార్చు సాధనమును, శక్తిని పెంచు సాధనమును, వాని వేడి పోవు దారియు అమరవలెను. అయిదు మీటర్ల తరంగమునకు ఒక మిల్లీమీటరు మందము లెక్కకు రాదు; పది మిల్లీమీటర్ల తరంగమునకు అది పదవ వంతు. కావున సామాన్యమైన అచ్చుపలకయే ప్రాకుడు తరంగమునకు రాజమార్గమగును. అంధకోణము వెనువెంటనే పొంచియుండును. మఱియు టెలిఫోనులోని శ్రేణిలో ఏంటెన్నాలు వేలు గావు, నాలుగో ఎనిమిదో మాత్రమే. అందు అంచువి నడిమివానివలె ప్రవర్తింపవు. దశను మాత్రమే మార్చుచు కాలభేదమును మార్చకున్నచో మఱియొక పొరపాటు. 28 గిగాహెర్ట్జులకు 60 డిగ్రీల కోణమున దశలను కూర్చినచో, 28.4 గిగాహెర్ట్జుల అంశ సుమారు 1.4 డిగ్రీలు దారి తప్పును. ఎదుటి దిక్కున ఈ తప్పు సున్న, కోణముతో పెరుగును. ఏ దోషమును చూచినను దాని దెబ్బ అంచుననే హెచ్చు.

నేటి ఇంజనీరులు ఈ దోషములను అనేకవిధముల ఎదుర్కొనుచున్నారు. ప్రతి ఏంటెన్నా చుట్టును పలకలో సన్నని లోహపు మేకులను కంచెవలె దింపి ప్రాకుడు తరంగమును అరికట్టుట ఒకటి. వీలర్ తెఱను పలక పొరలలోనే అచ్చువేయుట మఱియొకటి. ఒంటరి ఏంటెన్నా చూపునే వెడల్పుచేయుట వేఱొకటి. ఇందుకు 2006లో లూక్, వాంగ్ అనువారు చూపిన విద్యుత్తు, అయస్కాంతము రెండును కలిసి పనిచేయు ఏంటెన్నా చాల తోడ్పడినది. అన్నిటికంటె సూటియైన మార్గము, యుద్ధనౌక చేసినదే టెలిఫోనును చేయుట: దాని వేర్వేఱు అంచులయందు రెండు మూడు చిన్న శ్రేణులను అమర్చి, చేయి ఒకదానిని కప్పినపుడు మఱియొకదానిని మేల్కొలుపుట. వీధి స్తంభముపైనను సాధారణముగా మూడు పలకలు మూడు దిక్కులను పంచుకొనును. ఒక్కొక్కదాని పాలు 120 డిగ్రీలు, అనగా ఇరువైపుల 60 చొప్పున.

ఆ 60వ డిగ్రీయే ఈ చరిత్రయంతటికి పరీక్షాస్థలము. రెండు పలకల సరిహద్దున నివసించువాడు ఇద్దఱికిని అంచువాడే. అతనికి పలక సగమై కనబడును. కిరణము వెడల్పై పలుచనగును. అంధకోణము పొరుగుననే యుండును. ఎదుటివానికి అందిన వేగమును చూపి ప్రకటనలు చేయుట సులభము. అంచువానికి ఎంత అందెనో అడిగినపుడే ఒక శ్రేణి యోగ్యత తేలును. బ్రౌన్ మూడు స్తంభములనుండి నేటి సిలికాను తునుక వరకు ఏంటెన్నాల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినది. విశాలకోణపు చిక్కు మాత్రము సంఖ్యచేత లొంగలేదు. అది ఇరుగుపొరుగుల సంబంధమును అర్థము చేసికొన్నవారికే కొంతకొంతగా లొంగినది.

బోసు 1897లో లండను సభకు చూపిన గరాటును జనుపనారను చూచి, వీధివీధికిని ఈ తరంగములు కావలసివచ్చునని నాటి వర్తకులు ఊహింపలేదు. శాస్త్రమున తెఱచిన తలుపు నూఱేండ్లు ఎవరును రాకున్నను మూతపడదు. లోనికి వచ్చినవారు ఇప్పుడు చేయవలసినది మిగిలియే యున్నది: ఆ తలుపునుండి వచ్చు వెలుగు గదినడుమనే గాక మూలలకును చేరునట్లు చూచుట.